మెడ దిగని కంటె

నారాయణపేట
ఐతారం, 5-2-1961

అక్క ఉప్పలమ్మకు చెల్లె సైదమ్మ దండం పెట్టి రాయునది. చిన్నదాన్ని కాబట్టి పెడుతున్న, మనసుండి కాదు.

చెరువుగట్టు జాతరకు నేను, మీ మరిది ఐలేశం ఇంత దూరం బస్సులు మారి వచ్చినం. పొద్దటి సంది పొద్దుగూకేదాక మెట్ల కాడనే కూసున్న. ఎక్కేటోళ్లను, దిగేటోళ్లను ఒక్కొక్కరినీ చూసిన. నువ్వు రాలే. అమ్మ పోయినప్పుడు ఆమె మెడల వెండి కంటె చేతుల పట్టుకొని మేనమామ బాలయ్య నలుగురి నడుమ చెప్పిన మాట నీకు యాదికి లేదా? "కంటె ఒక్కటి, బిడ్డలు ఇద్దరు. ఏడాది పెద్దదాని మెడల, ఏడాది చిన్నదాని మెడల. జాతర కాడ చేతులు మారాలె" అన్నడు. పోయిన జాతరకు నేను మెడ పక్కకు వంచి, కంటె వెనకున్న సందు నుంచి ఒడుపుగా తీసి నా చేతులతోని నీ మెడకు పెట్టిన. ఈ జాతరకు నువ్వు నాకు పెట్టాలె. పెట్టుడు పక్కకు పెట్టు, మొఖం గూడ చూపలే.

నీకు పాణం బాగలేదేమో అనుకుందును. కని మేనత్త నర్సింగమ్మ గట్టు మీదనే కలిసింది. ఆమె నోట్ల నువ్వుగింజ నానదని నీకు తెలుసు. "మీ అక్కకేమయిందే సైదీ! సన్నగ పడుచుపిల్ల తీరు అయింది. కండ్లు ఇంతింత అయి మెరుస్తున్నయి. అంగట్ల నడుస్తలేదు, ఉరుకుతాంది. కంటె మెడకు అతుక్కొని ఎంత సక్కగున్నదో!" అన్నది. ఆ అతుక్కొని అన్న మాటకు నా కడుపుల కారం పోసినట్టయింది.

"నకిరేకల్ దాకా పోయి అడిగి తీసుకుందాం" అని మీ మరిది అన్నడు. నేనే వద్దన్న. నా వంతు నేను అడుక్కునుడేంది?

ఎండకాలంల మా ఆడబిడ్డ పెండ్లి ఉన్నది. మా తోడికోడలు మెడల బంగారు గుండ్లపేరు ఉన్నది. నా మెడల పూసల దారం తప్ప ఏం లేదు. "మా అమ్మది వేలు లావు వెండి కంటె, పెండ్లినాటికి వస్తది, అప్పుడు చూడుండ్రి" అని అందరికీ చెప్పి ఉన్న. నా మాట నిలబెట్టుడు ఇప్పుడు నీ చేతుల ఉన్నది. మేనత్త బిడ్డను ఈ ఊర్లనే ఇచ్చిండ్రు గద, బిడ్డను చూసేతందుకు మేనత్త నెలనెలా ఈడికి వస్తనే ఉంటది. ఆమెతోని పంపు.

బావకు దండాలు చెప్పు. నీకు పైన పెట్టినదే చాలు.

చెల్లె సైదమ్మ


నకిరేకల్
సోమారం, 20-2-1961

చెల్లె సైదమ్మకు అక్క దీవెనలు. నువ్వు వద్దన్నా తీసుకోవాలె, దీవెనలకు వంతులు లేవు.

జాతరనాడు జరం వచ్చింది. మీ బావ మందను కృష్ణ ఒడ్డుకు తోలుకపోయిండు, గొర్లు ఈనే కాలం, ఇంటికాడ కట్టేసిన తల్లి గొర్లకు నేనొక్కదాన్నే. ఎట్ల రావాలె? నీకు మెట్ల కాడ కూసునే తీరిక ఉన్నది. నీ పెనిమిటి ఇంటి పట్టున మగ్గం ముంగట కూసొని గొంగళ్లు నేస్తడు, పొద్దుమీకితే పక్కన కూసొని అన్నం తింటడు. నా పెనిమిటి మొఖం నాకు వానకాలంలనే కనబడుతది. ఈ సంగతి మీద నాకెంత కుళ్లున్నదో నేనెప్పుడన్నా రాసిన్నా?

సన్నగయిన అని అత్త చెప్పిందా? ఏమో, ఇంటిల్లిపాది తిండి నేనే తింటున్న. రొట్టెలు చేస్తుంటే పొయ్యి కాడనే సగం అయిపోతయి. తిన్నది ఏడికి పోతాందో తెల్వదు. ఈ చలికాలమంతా గొంగడి కప్పుకోలే, ఒంట్ల పొయ్యి పెట్టినట్టే ఉన్నది.

కంటె ఏడికి పోదు. జర ఆగు. పెండ్లికి ఇంకా దినాలున్నయి గద.

రాత వంకరటింకర పోయింది. సంఘపోళ్లు రాత్రిపూట పెట్టిన బడిల నీకంటె నా రాతే గుండ్రంగ ఉండేది, యాది చేసుకొని సదువుకో.

అక్క ఉప్పలమ్మ


నారాయణపేట
ఐతారం, 12-3-1961

అక్కకు దండం.

నీ కాయితం సదివిన. అది రాతనా? చీమలు పాకినట్టున్నది. చెల్లెకు కాయితం రాసుడంటే వదిలించుకునే పని అయిందా?

ఇంటిల్లిపాది తిండి తిని సన్నగయితున్నవా! దేవుడు గూడ పెద్దబిడ్డకే ఇస్తడు. నేను గటుక తాగినా ఒళ్లు చేస్తాంది, మా అత్త "సైదీ, వాకిలి వెడల్పు చేయించాల్నా?" అంటది. పొరుగింటి పుల్లకూర రుచి అంటరు గని, నీ ఇంటి కూర నిజంగనే రుచిగున్నదక్కా, నాకు తెలుసు.

మేనత్త వచ్చింది. చేతులు ఊపుకుంట వచ్చింది. కంటె ఏదత్తా అంటే, "ఏం కంటెనే తల్లీ! మనుమని తొట్టెల పండుగకు వచ్చింది మీ అక్క. ఉక్కపోస్తుంటే గూడ మెడ చుట్టు కొంగు చుట్టుకొని కూసున్నది. కంటె చూపియ్యే, చెల్లెకు ఇయ్యాలె గద అన్న. లేసింది చూడు! చేతుల చెంబు నా మీదికి విసిరింది. కండ్లు ఉరిమి చూస్తుంటే నాకు భయమయింది" అన్నది.

అంటే ఇప్పుడు కంటెను కొంగు కింద దాస్తున్నవన్న మాట. అడిగినోళ్ల మీద చెంబులు విసురుతున్నవు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. చిన్నప్పుడు అమ్మ ఒక్క గాజుల జత తెస్తే రెండు చేతులకు నువ్వే వేసుకునేదానివి. మెడ ఒక్కటే ఉన్నది కాబట్టి బతికిపోయిన, లేకుంటే రెండు కంటెలు కావాలంటుంటివి.

నీకు చెప్పకూడదని అనుకున్న గని చెప్తున్న. నిన్న మా తోడికోడలు, "నీ కంటె నారాయణపేట చీర తీరు నేస్తున్నరా, ఇంకా మగ్గం దిగలేదా?" అని నలుగురిలో నవ్వింది. ఆ నవ్వు నీవల్లనే.

సైదమ్మ


నకిరేకల్
సోమారం, 27-3-1961

చెల్లె సైదమ్మకు,

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టని ఊకున్న. ఇంక దాస్తే నువ్వు నన్ను దొంగను చేసేటట్టున్నవు.

కంటె వస్తలేదు. తియ్యబుద్ధిగాక కాదు, వస్తలేదు. దసరా అయినంక గొంతు ముందర చిన్నగ ఉబ్బింది. పోతదిలే అనుకున్న. పెరిగింది. సంక్రాంతి దాటినంక జాతరకు తీద్దామని మెడ వంచితే వెనక సందుల నుంచి మెడ దిగలే. నూనె రాసిన, సబ్బు రాసిన. మీ బావ వచ్చినంక ఆయన గూడ గుంజిండు. చర్మం లేచింది గని కంటె రాలే. నలుగురు చూసి ఏమంటరోనని జాతరకు రాలే. అందుకే కొంగు కప్పుకుంటున్న. అత్త మీదికి చెంబు ఎందుకు విసిరిననో నాకే తెల్వదు. ఈ మధ్య చిన్నమాటకు కోపం వస్తది, అంతలనే ఏడుపొస్తది. కూసున్న కాడనే గుండె దడదడ కొట్టుకుంటది.

మీ బావ సంగతి విను, నవ్వుకో. గొర్రెకు దవడ కింద నీరు దిగితే వాత పెడుతరు గద. నన్ను గూడ అట్లనే చూసి, కొడవలి కాల్చుకొచ్చి, "జర పెడుత, తగ్గుతది" అన్నడు. నేను ఊరంతా వినబడేటట్టు ఒర్లిన. అప్పుడు వదిలిపెట్టి కంపౌండరు కాడికి తోల్కపోయిండు. కంపౌండరు బలానికి ఎర్ర మందు ఇచ్చిండు. తాగితే ఇంకింత దడ.

అవుసలి పర్వతాలును పిలిచినం. ఆయన చూసి, "పాత వెండి, గట్టిది, వంచితే మెడకు గుచ్చుకుంటది. ఆకురాయి పెట్టి కోసుడే. కోస్తే మల్ల ఈ తీరు అతకదు, అది మీ అమ్మ కాలం పని" అన్నడు. అది నీ వంతు కంటె, నిన్ను అడగకుండ కోయద్దన్న. కోయమంటవా? నువ్వే రాయి.

అక్క


నారాయణపేట
ఐతారం, 30-4-1961

అక్కకు,

పెండ్లి అయిపోయింది. నీ కాయితం ముందే అందింది, కావాలనే జవాబు రాయలే. పెండ్లిల నేను కొంగు మెడ చుట్టు చుట్టుకొని తిరిగిన. నువ్వు కంటె ఉండి చుట్టుకున్నవు, నేను లేక చుట్టుకున్న. మా తోడికోడలు అది గూడ చూసింది.

నీ గొంతు ఉబ్బిందన్నవు. ఉబ్బితే మందు రాస్తరు, దిగుతది. మన ఊర్ల గవదబిళ్లలు రానిదెవరికి? ఉబ్బు దిగినంక కంటె అదే దిగుతది. కోసుడెందుకు? నేను ఒక్కటే అడుగుత, కోసినంక దాన్ని ఎవరు చూసుకుంటరు? కరిగిస్తే ఎవరి చేతుల కరుగుతది? నీ కాడనే, నీ అవుసలి కాడనే. అమ్మ మెడల వన్నెగ ఉన్నదాన్ని నువ్వు తునకలు చేసి, "ఇగో నీ వంతు" అని పంపుతవా?

మేనత్త ఇంకో సంగతి చెప్పింది. బావ మందను తమ్మునికి అప్పజెప్పి నీ కోసం ఇంటికాడనే ఉంటున్నడట. బస్సుల నల్లగొండకు తోల్కపోతనన్నడట. అంగట్ల సోడా తాపి, నువ్వు కూసునేదాక గొడుగు పట్టిండట. వానకాలంలనే మొఖం కనబడుతదని రాసినవు, ఇప్పుడు ఎండకాలంల గూడ కనబడుతాంది. నాకు జరమొస్తే మీ మరిది మగ్గం ఆపడు. మగ్గం చప్పుడు వినుకుంటనే మూలుగుత. నీకొక కంటె, నీకొక మొగడు, నీకొక సన్నని నడుము. నాకేమున్నది?

నా మాట ఖరారుగ రాస్తున్న. అమ్మ కంటె మీద ఆకురాయి పడితే, మన అక్కచెల్లెండ్ల సుట్టరికం తెగినట్టే. అమ్మ మీద ఒట్టు.

సైదమ్మ


నకిరేకల్
బేస్తారం, 11-5-1961

సైదమ్మకు,

ఎక్కువ రాయలేను, చెయ్యి ఆగుతలేదు.

నల్లగొండ దవాఖానకు పోయినం. డాక్టరు నాడి పట్టి చూసి గడియారం మల్ల మల్ల చూసుకున్నడు. గొంతుల ఉన్న గ్రంథి పెరిగిందన్నడు. గవదబిళ్లలు కావట. ఇది తన చేతిలది కాదు, పట్నంల గ్రంథుల రోగాలే చూసే డాక్టరు ఉన్నడు, ఆయన కాడికి పొమ్మన్నడు. "ముందు ఈ కంటె తీయించు. లోపట వాపు పెరుగుతాంది, బయట వెండి ఆపుతాంది. ఊపిరి గొట్టం ఏం కావాలె?" అన్నడు.

నీ ఒట్టు సంగతి ఆయనకు చెప్పలే. చెప్తే నవ్వుతడు.

పండుకుంటే ఊపిరాడుతలేదు, గోడకు ఒరిగి కూసునే నిద్ర పోతున్న. రొట్టె ముక్క గూడ నీళ్లతోని దిగుతాంది. మీ బావ దినాం పర్వతాలును పిలుస్తనంటడు, నేను వద్దంటున్న. అమ్మ మీద ఒట్టు దాటి బతికి, నీ నోట్ల జీవితమంత నానాల్నా? ఉండనీ. నేను పోయినంక మెడ సన్నగయితది, అప్పుడు అదే వస్తది. నీ వంతు నీకు నిండుగ దొరుకుతది.

పట్నం పోలే.

ఉప్పలమ్మ


నారాయణపేట
బుధారం, 24-5-1961

అక్కా అక్కా,

ఈ కాయితం సదువుడు తర్వాత. ముందు పర్వతాలును పిలువు. కోయించు. కరిగించు, పారెయ్యి, కాలువల వెయ్యి, నాకేం వద్దు. కోయించినంక కూసొని కింద రాసింది సదువు.

మా అత్తకు మోకాళ్ల నొప్పులని దవాఖానకు తోల్కపోయిన. కొత్తగ డాక్టరమ్మ వచ్చింది, నిర్మలమ్మ అని. ఆమె అత్తకు మందు రాస్తుంటే ఊకె కూసోలేక నీ కథ మొదలు పెట్టిన. నాకు అలవాటయింది. బాయి కాడ, కిరాణం కాడ, ఎవరు దొరికితే వాళ్లకు నీ మీద చెప్పుకుంట.

"మా అక్క ఇంటిల్లిపాది తిండి తిని సన్నగయితాందమ్మా, నేను గాలి పీల్చినా లావయిత" అన్న. ఆమె రాసుడు ఆపింది. "ఎప్పటి సంది?" అన్నది. నా దిక్కు మాట్లాడేటోళ్లు దొరికిండ్రని నాకు హుషారొచ్చింది. "కండ్లు మెరిపించుకుంట తిరుగుతదట" అన్న. "కండ్లు ముందరికి వచ్చినట్టున్నయా?" అన్నది. "చలికాలంల గొంగడి వద్దంటది, అంత పొగరు" అన్న. "చెమటలు బాగ పడుతయా? చేతులు వణుకుతయా?" అన్నది. "రాత చీమలు పాకినట్టున్నది" అన్న. "ఊకె కోపానికొస్తదా?" అన్నది. "రాకేం? మేనత్త మీదికి చెంబు విసిరింది" అన్న. "గొంతు?" అన్నది.

కొంగు కప్పుకుంటదమ్మా అన్న.

"నువ్వు చెప్పినయి చాడీలు కావు బిడ్డా, ఒక రోగం తీరు మొత్తం చెప్పినవు" అన్నది ఆమె. గొంతుల థైరాయిడ్ అని గ్రంథి ఉంటదట. అది ఆగకుండ ఉరికితే ఒళ్లంతా ఉరుకుతదట, తిన్నది నిలువదట, గుండె కొట్టుకొని కొట్టుకొని అలిసిపోతదట. "గొంతు ఉబ్బి, మనిషి చిక్కి, కూసున్న కాడ గుండె ఉరికినప్పుడే డాక్టరుకు చూపించాలె. మింగుడు కష్టమయి, పండుకుంటే ఊపిరాడకుంటే ఇంక మామూలు డాక్టరు సాలడు, గ్రంథుల డాక్టరు కాడికి ఆ పొద్దే పోవాలె. వాతలు, ఎర్ర మందులు వద్దు. మీ అక్క ఇప్పుడు ఎట్లున్నది?" అన్నది.

నీ కాయితం నా రొండిల చెక్కుకొని ఉన్నది. తీసి సదివి వినిపించిన. గోడకు ఒరిగి నిద్రపోతున్న అన్న కాడ ఆమె లేసి నిలబడ్డది. "ఇంకా ఈడ ఎందుకు కూసున్నవు?" అన్నది.

అక్కా, నీ నడుము మీద, నీ కండ్ల మీద, నీ ఉరుకుడు మీద నేను కండ్లల్ల నిప్పులు పోసుకున్న. అన్నీ రోగమే అట. నీ కాడ నేను ఓర్వనిది ఒక్కటి గూడ సుఖం కాదట. ఒట్టు నేను పెట్టిన, నేనే తీసేస్తున్న. కోయించు.

సైదమ్మ


నకిరేకల్
సోమారం, 5-6-1961

సైదమ్మకు,

నీ కాయితం అందింది. "కోయించు, కరిగించు, పారెయ్యి, కాలువల వెయ్యి" అని రాసినవు. నువ్వు ఎట్ల మాట్లాడుతవో నాకు ఎరికలేదా? చిన్నప్పుడు నీ రొట్టెల తునక అడిగితే, "మొత్తం తిను, పెంక గూడ తిను, పొయ్యి గూడ తిను" అని ఇసిరికొట్టేదానివి. నేను ముట్టుకుంటే రెండు దినాలు మాట్లాడకపోయేదానివి. ఇప్పుడు గూడ అదే తీరు. నేను కోయించాలె, నువ్వు "చూసినవా, నేనన్న మాటకు కోసింది" అని బాయి కాడ చెప్పుకోవాలె.

డాక్టరమ్మ ముంగట గూడ నా మీద చాడీలు చెప్పినవా? చెప్పి, మల్ల నాకే రాసినవా? నీ ధైర్యానికి దండం.

ఒట్టు పెట్టేటప్పుడు పొద్దున్నే తానం చేసి పెట్టినట్టు రాసినవు, తీసేటప్పుడు కాయితం మీద తీస్తవా? ఒట్టు తీయాలంటే పెట్టినామె ఎదురుంగ నిలబడి నీళ్లు విడవాలె. అట్లయితెనే ఒట్టు పోతదని అమ్మ చెప్పేది. నువ్వు రావు, నాకు తెలుసు. నా ఇంటికి వచ్చి అడుక్కునుడేందని నువ్వే రాసినవు గద.

మీ బావ ఈ కాయితం నా చేతిల నుంచి గుంజుకుంటుండు. నా చేత రాయించొద్దట, ఆయాసమొస్తదట.

అక్క


నారాయణపేట
శనారం, 10-6-1961

అక్కా,

ఇది కార్డు. ఇది అందేలోపట నేనే అందుత. రేపు పొద్దుటి బస్సుకు ఎక్కుతున్న. మగ్గం ఆపమంటే మీ మరిది ఆపిండు, నాకే నమ్మబుద్ధయితలేదు. నీళ్లు నీ ఇంట్లయే విడుస్త. చెంబు దగ్గర పెట్టుకోకు, నా మీదికి విసురుతవు.

పర్వతాలును ఊరు దాటనియ్యొద్దని బావకు చెప్పు.

సైది


హైదరాబాదు, దవాఖాన
శుక్కురారం, 18-8-1961

చెల్లె సైదమ్మకు అక్క ఉప్పలమ్మ మనసుండి దీవించి రాయునది.

రాత చూడు. గుండ్రంగ వచ్చిందా లేదా? చెయ్యి వణుకుడు పోయింది. నా రాతే బాగుండేదని ఇప్పుడన్నా ఒప్పుకో.

మొదలు వచ్చినప్పుడే కోతపెడుతరనుకున్న. పెట్టలే. గ్రంథి ఉరుకుడు ఆగకుండ కోస్తే గుండె తట్టుకోదని వారాల కొద్దీ మాత్రలు, చేదు చుక్కల మందు ఇచ్చిండ్రు. నాడి దారికొచ్చినంక కోసిండ్రు. కుట్లు తీసిండ్రు. గొంతు ఇంకా బొంగురుగున్నది, మీ బావ వినబడక "ఆఁ? ఆఁ?" అంటడు, నాకు నవ్వొస్తది, నవ్వితే కుట్ల జాగా గుంజుతది. నిన్న వెల్లకిలా పండుకొని నిద్రపోయిన. తెల్లారి లేసి అది యాదికొచ్చి ఏడ్చిన. ఇంకింత ఆలస్యమయితే పట్నం దాకా గూడ రాకపోదువని డాక్టరు అన్నడు.

కంటె కోసిన దినం సంగతి నీకు చెప్పాలె. నువ్వు వచ్చుడుతోనే చెంబెడు నీళ్లు వాకిట్ల పారబోసి, "నా ఒట్టు కొట్టుకపోను" అన్నవు. పర్వతాలు ఆకురాయి తియ్యంగనే, నా మెడకు కంటెకు నడుమ నీ వేలు పెట్టినవు. "ఆకురాయి జారితే నా వేలు తెగాలె, మా అక్క మెడ కాదు" అన్నవు. తెగనే తెగింది. నెత్తురు నా రవిక మీద పడ్డది. ఆకురాయి కర్రుమంటుంటే నువ్వు ఏడ్చినవు. నా మీదనా, కంటె మీదనా అని నాకు అనుమానం వచ్చింది. రెండిటి మీద అని తర్వాత అనుకున్న. తునకలు రెండూ నువ్వే కొంగుల ముడేసుకొని, "వంతు వంతే" అన్నవు. అప్పుడు మా ఇంట్ల అందరు నవ్విండ్రు. ఊపిరి దొరికినంక నేను గూడ నవ్విన.

ఈడ నా పక్క మంచంల ఒకామె ఉన్నది, పోచంపల్లి సాలోళ్లామె. ఆమెకు గూడ నాదే రోగం. ఆమె చెల్లె వచ్చి దినాం తల దువ్వుతది, పండ్లు ఒలిచి పెడుతది. చూస్తే నాకు కడుపుమంట. ఇన్ని దినాలు నీ కడుపుల ఎట్ల కాలిందో ఇప్పుడు తెలుస్తాంది. మా చెల్లె నా కోసం వేలు తెంపుకున్నది అని ఆమెకు చెప్పిన. ఆమె చెల్లె దువ్వెన పక్కకు పెట్టింది.

ఇంక అసలు సంగతి. నిన్న డాక్టరు వచ్చి, "నీకు తోడబుట్టినోళ్లు ఉన్నరా?" అని అడిగిండు. ఒక్క చెల్లె అన్న. "ఎట్లుంటది?" అన్నడు. నేను నీ మీద చెప్పుడు మొదలు పెట్టిన. నీకొక్కదానికే కాదు, ఆ విద్య నాకు గూడ వచ్చు. "లావయిందయ్యా" అన్న. "మృగశిర వచ్చినా వాన రాలే, ఉక్కకు ఇంట్ల అందరం అల్లాడుతుంటే అది గొంగడి కప్పుకొని కూసున్నది" అన్న. "మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే కునుకు తీసింది. మొఖం ఉబ్బింది, గొంతు మొగోళ్ల తీరు మోటుగయింది, ఎంట్రుకలు రాలుతున్నయి, అత్త మొద్దుదంటదట" అన్న. మురిసిపోయి చెప్పిన, నేనే సక్కగున్న అని.

ఆయన కలం తీసిండు.

ఒక తల్లి బిడ్డలల్ల ఈ గ్రంథి ఒకరికి ఉరుకుతదట, ఒకరికి పండుకుంటదట. పండుకున్నది గూడ రోగమే అట. దానికి కోత లేదు, మాత్రలే. కని చూసి ఇయ్యాలె, ఊకె ఇయ్యరు. "వాపు వచ్చినంక, గుండె మందగించినంక తోల్కొస్తరా? ఇప్పుడే తోల్కరా" అన్నడు. ఆయన మొఖం చూస్తే నాకు నిర్మలమ్మ డాక్టరమ్మ లేసి నిలబడ్డదని నువ్వు రాసింది అర్థమయింది.

తోడికోడలుకు ఏం చెప్పాలె, అత్త ఏమంటది, మగ్గం ఎవరు చూస్తరు అని కాయితం రాయకు. మా మరిది సంగతి మీ బావ చూసుకుంటడు, ఈ కాయితం పట్టుకొని ఇయ్యాల్నే బయలుదేరి వస్తుండు మిమ్మల్ని తోల్కరాను. పండ్లు తేకు, గొంగడి తేకు, ఆ కంటె తునకలు అసలే తేకు. నీ మెడ ఒక్కటి పట్టుకొని రా.

పక్క మంచం ఐతారం ఖాళీ అయితది. నీ కోసం ఆపమని నర్సమ్మకు చెప్పి పెట్టిన.

నీ అక్క
ఉప్పలమ్మ